అక్క ఇంట్లో ఎవరి మూల వారిది

అక్క పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. రంజాన్ పండగ వెళ్ళి వారం కూడా కాలేదు. ఇండియా నంబరు చూసి మా అమ్మేమో అనుకుని తీశాను. బావగారు. ఆయన ఏనాడూ నాకు ఫోన్ చేసిన మనిషి కాదు. "అమ్మా, మీ అక్క ఇక లేదు" అన్నారు. తర్వాత "తెల్లారుజామున" అన్నారు. ఇంకేం చెప్పాలో తెలియలేదేమో, "అక్కడ ఎండలు తగ్గాయా?" అని అడిగారు. కొంచెం తగ్గాయన్నాను. ఫోన్ పెట్టేసేసరికి స్టవ్ మీద పప్పు మాడిపోయింది.

అక్క నా తోడబుట్టింది కాదు. మాది నెల్లూరు, సాయిబుల ఇల్లు. ఆవిడది బాపట్ల దగ్గర పల్లె, పుట్టుకతో క్రైస్తవులు. రువైస్‌లో కంపెనీ క్వార్టర్లలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. మా ఆయనా, బావగారూ ఒకే ప్లాంటులో, వేరే వేరే షిఫ్టుల్లో పనిచేసేవారు. రువైస్ పేరు విననివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా వాళ్ళందరికీ ఊళ్ళో మేము "దుబాయ్‌లో" ఉన్నట్టే లెక్క. కానీ టీవీలో చూపించే ఆ దుబాయ్‌కీ మాకూ సంబంధం లేదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక, నడుమ రిఫైనరీ మంట. అబుదాబి వెళ్ళి రావాలంటే ఒక రోజు పోయినట్టే. చర్చి కావాలన్నా, చీర కావాలన్నా అంత దూరమూ పోవాల్సిందే.

రెండు వేల రెండులో నేను కాపురానికి వచ్చాను. ఆ ఏడాది రంజాన్ పండగ డిసెంబరు మొదట్లో పడింది. మా ఆయన సూపర్ మార్కెట్లో ఒక లైట్ల దండ కొనుక్కొచ్చారు. ఒక చందమామ, ఒక చుక్క, మళ్ళీ ఒక చందమామ, ఒక చుక్క. అన్నీ ప్లాస్టిక్కువి, లోపల పసుపు బల్బు. పండగైపోయాక దాన్ని తీసి చుట్టబెడుతుంటే తలుపు తీసే ఉంది. పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పటికి మా ఇద్దరికీ ముఖపరిచయమే.

"మడతపెట్టకమ్మాయ్, ఇటివ్వు. మా పండగ ఇంకా రావాలి."

అడగడం అంటే అదీ. ఇస్తావా అని లేదు, ఏమనుకోకు అని లేదు. నాకు ఒళ్ళు మండింది. ఇచ్చాను. దండ పట్టుకుని వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "నువ్వూ రా, కుర్చీ పట్టుకోవాలి" అంది.

ఆ కుర్చీ పట్టుకున్నదాన్ని అయిదేళ్ళు వదల్లేదు.

అక్క మంచి మాటకారి అనీ, చల్లని తల్లి అనీ రాస్తే అబద్ధం అవుతుంది. ఆవిడకి నోరు చేదు. మేకులు పెదాల మధ్య పెట్టుకుని గోడకి కొట్టేది. ఆ మేకులు నోట్లో ఉండగానే పళ్ళ సందున మనల్ని తిట్టేది. ఎవరు బహుమతి ఇచ్చినా ముందు చుట్టిన కాగితాన్ని చిరక్కుండా విప్పి, చేత్తో సాపు చేసి పరుపు కింద పెట్టుకునేది. లోపలున్న వస్తువు సంగతి తరవాత. బిస్కెట్ల వెండి కాగితం, మందుల షాపు రంగు కవర్లు, టీవీ వచ్చిన అట్టపెట్టె అన్నీ ఆ పరుపు కిందకో మంచం కిందకో పోయేవి. బావగారు ఆ మంచం మీద పడుకుంటే ఒత్తిగిల్లినప్పుడల్లా గలగలమని చప్పుడయ్యేదట. "మా పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను పడుకునేది క్రిస్మస్ మీదేనమ్మా" అనేవారు ఆయన.

వాళ్ళకి పిల్లలు లేరు. ఆ సంగతి అక్క ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే మాత్రం ఎత్తినవాళ్ళకి ఆ రోజు మంచి రోజు కాదు.

శుక్రవారాల్లో క్యాంపు నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. ఊరి బయట, ఇసుకలో, కాంట్రాక్టు కంపెనీల లేబర్ క్యాంపులు ఉండేవి. అక్కడి తెలుగు క్రైస్తవులు పదిమందో ఇరవైమందో పికప్ వెనకాల వంగి కూర్చుని వచ్చి, అక్క హాల్లో చాప మీద ప్రార్థన చేసుకునేవాళ్ళు. గోడకి ఇవతల నాకు పాటలు వినిపించేవి. డిసెంబరు మొదటి శుక్రవారం నుంచీ పాటలతో పాటు సుత్తి చప్పుడు కూడా మొదలయ్యేది.

మన వైపు క్రిస్మస్ అంటే ఇంటి మీద చుక్క. వెదురు బొంగుకి కట్టి, లోపల బల్బు పెట్టి, వీధిలో అందరికీ కనపడేలా ఎత్తుతారు. రువైస్‌లో క్వార్టరు బయట ఏదీ వేలాడదీయకూడదని కంపెనీ నియమం. క్యాంపులో అయితే లోపల కూడా కుదరదు. గదికి ఎనిమిది మంచాలు, గోడ కనిపించేదే జానెడు, అక్కడ ఏం అతికించినా సూపర్‌వైజర్ పీకేసేవాడు. అందుకని అక్క ఒక పద్ధతి పెట్టింది. తన హాలు గోడల్ని పంచేసింది. ఒక్కొక్కరికీ ఒక మూలో, కిటికీ పక్కనో, తలుపు వెనకాలో, ఎంత చిన్నదైనా సరే ఒక చోటు. అక్కడ ఎవరింట్లో ఎలా చేస్తారో అలాగే చేసుకోవాలి. "ఎవరి మూల వారిది. పక్కవాడి మూలలో వేలు పెట్టారా, పీకి చేతికిస్తా" అనేది.

మెదక్ వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీకి వంటింటి గుమ్మం పక్క మూల. "మా దిక్కు చుక్క గింత చిన్నగుండదక్కా, మనిషంత ఉంటది" అని వాదించి, సీలింగు తగిలేంత చుక్క చేశాడు. దాని కింద నించుంటే తల వంచుకోవాలి. కోనసీమ వెల్డరుకి టీవీ పక్కన. ఆయన యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ కట్టేవాడు. పాక చుట్టూ పచ్చగడ్డి కావాలి, వాళ్ళింట్లో రాగులు మొలకెత్తిస్తారట. ఇక్కడ రాగులు ఎక్కడ దొరుకుతాయి? మెంతులు పోశాడు. పండగ నాటికి గడ్డి బాగానే పెరిగేది కానీ హాలంతా మెంతికూర వాసన. "బేత్లెహేములో ఇదే వాసన వచ్చుంటదండి అక్కా" అనేవాడు.

ఒంగోలు వైపు స్కాఫోల్డర్, అంటే ఇనప పరంజాలు కట్టేవాడు, ఒకాయన ఉండేవాడు. నలభై దాటినవాడు, చాలా తక్కువ మాట్లాడేవాడు. ఆయనకి కిటికీ కింద మూల వచ్చింది. మొదటి వారం ఆయన ఏమీ తేలేదు. తర్వాతి శుక్రవారం ఎక్కడ సంపాదించాడో నీలం కాగితాలు తెచ్చి మూలంతా పరిచి మేకులు కొట్టాడు. దాని మీద అరచేతంత తెల్ల చుక్క ఒకటి పెట్టాడు. అంతే, ఖలాస్. మేస్త్రీ చూసి నవ్వి, కొంచెం వంకర ఉందని సరిచేయబోతే అక్క ఆ చేతి మీద చెంచాతో ఒక్కటిచ్చింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి చెప్పింది, వాళ్ళింట్లో గోడలకి నీలం సున్నం అట. నీలం మీద ఉంటేనే ఆయనకి అది చుక్కలా కనిపిస్తుందట.

ఆ మూల ముందు కూర్చుని ఆయన ఇంటికి ఫోన్ చేసేవాడు. "ఆ, పెట్టాను. ఆ, నీలమే. కిటికీ కిందే" అని చెప్పేవాడు. అవతల ఎవరో, ఏం అడిగారో తెలియదు. నేను టీ ఇవ్వడానికి వెళ్ళి, ఆ మాటలు విని వెనక్కి వచ్చేసేదాన్ని.

నా చందమామల దండ మాత్రం ఎవరి మూలా కాదు. అది నాలుగు గోడల చుట్టూ తిరిగేది, అన్ని మూలల్నీ కలుపుతూ. మొదటిసారి మేస్త్రీ అడిగాడు, ఇది రంజాన్ది కదా అక్కా అని. అక్క నోట్లో మేకులు తీయకుండానే, యేసు పుట్టినప్పుడు జ్ఞానులు చుక్కను చూసిన రాత్రి ఆకాశంలో చందమామ లేడని ఎక్కడ రాసుందో చూపించమంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ప్రతి ఏడాదీ మా పండగైపోగానే దండ అటు వెళ్ళేది. సంక్రాంతి వెళ్ళాక ఎప్పుడో ఇటు వచ్చేది. ఏటా రెండు మూడు బల్బులు పోయేవి, బావగారు కొత్తవి వేసి ఇచ్చేవారు.

క్రిస్మస్‌కి కొద్ది రోజుల ముందే అందరూ కలిసి చేసుకునే సెమీ క్రిస్మస్ రోజు అక్క ఇంట్లో పలావు, కోడికూర. ముందు రోజంతా గులాబి పువ్వులు చేసేది. పువ్వు అచ్చు ఇనపది, వాళ్ళమ్మ ఇచ్చింది. నూనెలో ముంచి పిండిలో ముంచి మళ్ళీ నూనెలో వదలాలి. నాకు ఒక్క పువ్వూ సరిగా వచ్చేది కాదు, విరిగినవన్నీ నా ప్లేట్లో వేసేది. అందరూ తిని, పాడుకుని, వెళ్ళేటప్పుడు ఎవరి మూల దగ్గర వాళ్ళు ఒకసారి నిలబడి వెళ్ళేవాళ్ళు. అది ఎవరూ నేర్పింది కాదు. వాళ్ళు వెళ్ళాక అక్క చాపలు చుడుతూ, "ఏడాదిలో ఈ ఒక్క నెలేనమ్మాయ్ ఇది ఇల్లులా ఉండేది" అంది ఒకసారి. ఆవిడ నోట్లోంచి వచ్చిన మెత్తని మాట నాకు గుర్తున్నది ఇదొక్కటే.

తరవాత బ్రదర్ గారు వచ్చారు.

ఆయన పేరు నాకు తెలుసు, రాయను. ఒక కాంట్రాక్టు కంపెనీలో క్యాంపు వ్యవహారాలు చూసే పెద్ద ఉద్యోగి. తెలుగువాడు, చదువుకున్నవాడు, నిష్ఠాపరుడు. ఆయన మంచి కూడా చెప్పాలి, లేకపోతే అక్కే ఒప్పుకోదు. వచ్చీరాగానే పికప్ మాన్పించి మనుషులకి బస్సు పెట్టించాడు. క్యాంపులో ఒకతను గుండె ఆగి చనిపోతే ఆఫీసులన్నీ తిరిగి, శవాన్ని ఊరికి పంపేదాకా నిద్రపోలేదు. జ్వరం వస్తే పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాడు. ఇదంతా నిజం. క్యాంపులో ఏ గదిలో ఎవరు పడుకోవాలో, శుక్రవారం డ్యూటీ ఎవరికి పడాలో నిర్ణయించేదీ ఆయనే. ఇది కూడా నిజం.

రెండు వేల ఆరు డిసెంబరు మొదటి శుక్రవారం ప్రార్థన అయ్యాక మనుషులు సుత్తులు తీశారు. నేను దండ విప్పుతున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. అంతకుముందు ఏడాది పండగకి ఆయన సెలవులో ఉన్నాడు, ఇదంతా చూడలేదు.

"సహోదరీ, ఈ దీపాలు ఎక్కడివి?"

"పక్కింటి అమ్మాయివి" అంది అక్క.

"వారి పండగవి కదా. మన ప్రార్థనా స్థలంలో అన్యుల గుర్తులు ఎందుకు?"

అన్యులు అంటే నేనే. అక్కడే ఉన్నాను, దండ చేతిలో ఉంది. ఆయన నా వైపు చూడలేదు.

అక్క జ్ఞానుల మాట మళ్ళీ అంది, చందమామ లేడని ఎక్కడ రాసుందో చూపించమని. వెల్డరు కిసుక్కుమని నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే అంతా చెడిందని నాకిప్పటికీ అనిపిస్తుంది. మాట సహించేవాడేమో, మనుషుల ముందు నవ్వు సహించలేకపోయాడు.

తర్వాతి వారం ఆయన ఒక్కడే వచ్చి అక్కతోనూ బావగారితోనూ మాట్లాడి వెళ్ళాడు. ఇప్పుడు చందమామలు ఒక్కటే కాదు. చుక్కలు, పాకలు, కాగితాలు, ఏదీ బైబిలు వాక్యంలో లేదు, అన్నీ తీసేయాలి. ప్రార్థన కావాలో అలంకారం కావాలో తేల్చుకోమన్నాడు. తీయకపోతే వెనక వీధిలో వేరే విశ్వాసుల ఇల్లు ఉంది, కూడిక అక్కడ పెట్టుకుంటామన్నాడు. ఆయన వెళ్ళాక నేను వెళ్ళి దండ తీసేస్తానన్నాను. నా వల్ల ఎందుకు గొడవ, పోయేదేముంది, మా ఇంట్లో వేసుకుంటానన్నాను.

అక్క స్టూలు మీద కూర్చుంది. మొదటిసారి ఆవిడ నోట్లో మేకులు లేవు.

"ఆయనకి అడ్డం నీ లైట్లు కాదమ్మాయ్. ఇవాళ చందమామ తీస్తే రేపు చుక్క తీయమంటాడు. ఎల్లుండి వాళ్ళ మూలలు. మూలలు పోయాక వీళ్ళు నా ఇంటికి ఎందుకు రావాలి? ప్రార్థనకి ఏ ఇల్లయితే ఏం?"

"చెప్పు, ఎందుకు రావాలి?" అని మళ్ళీ అడిగింది. నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగింది.

సెమీ క్రిస్మస్ శుక్రవారం దాకా ఎవరూ రాలేదు. ఆ వారాల్లో అక్క ఏం చేసిందంటే, ప్రతి మూలా తనే చేసింది. తనకి నచ్చినట్టు కాదు, ఎవరి మూల వాళ్ళు ఎలా చేసేవాళ్ళో అలా. మేస్త్రీ చుక్క కోసం అట్టపెట్టె కోసింది, సీలింగు తగిలేటట్టే కట్టింది. మెంతులు నానబోసింది. తను ఎప్పుడూ తిట్టుకునే ఆ మెంతి వాసన మళ్ళీ హాలంతా పట్టింది. స్కాఫోల్డర్ మూలలో నీలం కాగితం పరిచి తెల్ల చుక్క పెట్టి, దూరంగా జరిగి చూసి, మళ్ళీ వెళ్ళి చుక్కని కొంచెం వంకరగా తిప్పింది. కుర్చీ పట్టుకున్న నాకు ఏడుపు వచ్చింది. ఆవిడకి రాలేదు. "గట్టిగా పట్టుకో" అంది.

వాళ్ళొస్తారనే అనుకుంది. నేనూ అనుకున్నాను. పండగ పూట బస్సు ఎటు వెళ్ళినా, వెనక వీధి ఎంతలో ఉందని, నడిచైనా వస్తారనుకున్నాం.

అక్క హాలు కిటికీలోంచి రౌండబౌట్ కనిపిస్తుంది. ఎప్పుడూ బస్సు అక్కడికి వచ్చి ఎడమకి, మా వరసలోకి తిరిగేది. ఆ రోజు పలావు దించి, చాపలు పరిచి, దండ స్విచ్ వేసి ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. బస్సు వచ్చింది. రౌండబౌట్ దగ్గర నెమ్మదించింది. కిటికీల్లో తలలు కనిపించాయి, ఇటు తిరిగి ఉన్నాయో లేదో అంత దూరం నుంచి తెలియదు. తిరిగి ఉన్నాయనే నేననుకుంటాను. బస్సు తిన్నగా ముందుకి వెళ్ళిపోయింది.

అక్క పరదా వేయలేదు. స్విచ్ ఆపలేదు. మధ్యాహ్నం రెండింటికో మూడింటికో, "మీ పిల్లల్ని పిలువు, కూర చల్లారిపోతోంది" అంది. మా పిల్లలు, మా ఆయన, బావగారు, నేను ఆ అంత హాల్లో ఒక చాప మీద కూర్చుని తిన్నాం. గులాబి పువ్వులు మా వరసలో అన్ని ఇళ్ళకీ పంచింది. మలయాళీ వాళ్ళకీ, ఈజిప్టు వాళ్ళకీ, ఎన్నడూ మాట్లాడని వాళ్ళకీ. పంచినా మిగిలాయి.

నాకు ఆ మనుషుల మీద కోపం ఉంది. ఎవరు ఏ గదిలో పడుకోవాలో చెప్పే ఆ పెద్దమనిషిని కాదని నడిచి రావడం సులువు కాదని తెలుసు. ఊళ్ళో అప్పులు, ఇళ్ళు, పిల్లల చదువులు అన్నీ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయనీ తెలుసు. తెలిసినా పోలేదు. పండగ పూట ఆవిడ ఆ కిటికీ దగ్గర నిలబడటం వాళ్ళు చూడలేదు కదా.

జనవరిలో ఒక శుక్రవారం స్కాఫోల్డర్ వచ్చాడు. వెనక వీధి నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, మాటిమాటికీ వెనక్కి చూసుకుంటున్నాడు. అక్క ఇంకా ఏ మూలా తీయలేదు. ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చి తన మూల దగ్గర ఆగాడు. తను చెయ్యని తన మూల. చాలాసేపు చూశాడు. వంకరగా ఉన్న చుక్కని కూడా చూశాడు.

"అక్కా, మీరే అక్కడికి రండి" అన్నాడు చివరికి. "బ్రదర్ గారు కూడా రమ్మన్నారు. మీరొస్తే అందరూ సంతోషిస్తారు. ఈ లైట్లు అవీ మాత్రం..."

"ఖలాస్ బాబూ" అంది అక్క. "తిని వెళ్ళు."

ఆయన తిన్నాడు. ఆవిడ వడ్డించింది. వెళ్ళేటప్పుడు ఆయన మూల దగ్గర నిలబడలేదు, తల వంచుకుని తిన్నగా గుమ్మం దాటాడు.

ఆ తర్వాతి ఏడాదికి అక్కకి కడుపునొప్పి మొదలైంది. క్లినిక్కులో గ్యాస్ అన్నారు, తర్వాత అబుదాబిలో ఇంకో పేరు చెప్పారు. ఆ డిసెంబరు కూడా మూలలన్నీ చేసింది. కుర్చీ ఎక్కే ఓపిక లేదు, కుర్చీలో కూర్చుని నా చేత చేయించింది. నేను మేకులు నోట్లో పెట్టుకుంటే, "మింగుతావు, తియ్" అని తిట్టింది. ఎవరూ రాలేదు. ఆ ఏడాది మేము కిటికీ దగ్గర నిలబడనూ లేదు.

కొత్త సంవత్సరం వచ్చాక ఆవిడని ఊరికి తీసుకెళ్ళారు. వెళ్ళే రోజు పొద్దున దండ చుట్టి నా చేతిలో పెట్టింది.

"నీ చందమామలు నీకే అమ్మాయ్. నేను తీసేశానని మాత్రం ఎవరితోనూ అనకు. ప్రయాణానికని తీశాను."

ఇదే ఆవిడ నాతో మాట్లాడిన ఆఖరి మాట. ఫోన్లో మాట్లాడినవి ఉన్నాయి, కానీ వాటిలో ఆవిడ గొంతు లేదు, మందుల మత్తు ఉంది.

బావగారి ఫోన్ వచ్చిన తర్వాతి శుక్రవారం బ్రదర్ గారు వెనక వీధి ఇంట్లో అక్క కోసం ఆదరణ కూడిక పెట్టారు. నన్నూ రమ్మని కబురు చేశారు. ఎవరు చేయించారో తెలియదు. మా ఆయన వద్దన్నారు, అయినా వెళ్ళాను. దండ చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. ఆవిడ ఫోటో దగ్గర ఒక్కసారి వెలిగించి తీసుకొచ్చేద్దామనుకున్నానేమో.

హాలు పెద్దదే. గోడలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా ఏమీ లేదు. అక్క ఫోటో బల్ల మీద, పక్కన ప్లాస్టిక్ పువ్వులు. మేస్త్రీ ఉన్నాడు, వెల్డరు ఉన్నాడు, స్కాఫోల్డర్ వెనకాల గోడకి ఆనుకుని ఉన్నాడు. బ్రదర్ గారు లేచి చాలా బాగా మాట్లాడారు. మన సహోదరి తన గృహాన్ని దేవుని పనికి ఇచ్చిన ధన్యురాలు అన్నారు. ఎడారిలో మొదటి వెలుగు ఆమె ఇంట్లోనే వెలిగింది అన్నారు. నేను చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. గృహాన్ని ఆవిడ ఇచ్చింది, మీరు బస్సుని తిప్పుకుపోయారు అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

తరవాత ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. ఎవరూ లేవలేదు. నన్ను చూసి, పక్కింటి సహోదరి, అన్నారు. ఆ రోజు అన్యురాలిని, ఈ రోజు సహోదరిని. లేచాను.

"అక్క హాలు గోడల నిండా మేకులు ఉండేవి" అన్నాను. "ఇక్కడ ఒక్కటి కూడా లేదు."

ఇంకా చెప్పాలని ఉన్నా కూర్చున్నాను. బ్రదర్ గారు, గోడలు పాడవుతాయని కొట్టలేదమ్మా, అని మామూలుగానే జవాబు చెప్పారు. నేనన్నది ఆయనకి అర్థం కాలేదో, అర్థమైనా కానట్టు ఉన్నారో తెలియదు. దండ సంచిలోంచి తీయకుండానే ఇంటికి వచ్చాను. వచ్చి మా హాల్లో కట్టాను. మా పండగ అయిపోయింది, వాళ్ళ పండగ ఇంకా రాలేదు. మా ఆయన చూసి ప్లగ్గు పెట్టారు.

బావగారు తిరిగి రాలేదు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయించుకుంది. మొన్న శుక్రవారం పెయింటర్లు వచ్చారు. గోడకి అవతల మళ్ళీ సుత్తి చప్పుడు వినిపిస్తే, ఎంత పిచ్చిదాన్నో చూడండి, ఒక్క క్షణం డిసెంబరు అనుకున్నాను. వెళ్ళి చూస్తే పెయింటరు మేకులు పీకుతున్నాడు. ఒక్కొక్కటే పీకి ఖాళీ పెయింటు డబ్బాలో వేస్తున్నాడు. బీహార్ మనిషి. "ఇత్నీ కీలే? యహా దుకాన్ థా క్యా?" అని అడిగాడు నన్ను, అన్ని మేకులు చూసి. దుకాణం కాదు, ఇల్లే అన్నాను. సీలింగుకి ఉన్న పెద్ద మేకు ఒక్కటి ఉంచమన్నాను, మేస్త్రీ చుక్కది. ముదీర్, అంటే మేనేజరు, ఒప్పుకోడని అదీ పీకేశాడు.

గుమ్మంలో ఎవరో చెప్పులు విప్పిన చప్పుడైంది. స్కాఫోల్డర్. వెనక వీధిలో కూడిక అయిపోయినట్టుంది, బస్సు రౌండబౌట్ దగ్గర ఆగి ఉంది. ఆయన నన్ను చూసి తల ఊపాడు. కిటికీ కింద మూలకి వెళ్ళాడు. అక్కడ ఏమీ లేదు, మేకులు పీకిన బొక్కలు మాత్రం ఉన్నాయి. వంగి వాటి మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత పెయింటరు దగ్గరికి వచ్చి డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"క్యా ఢూండ్తా హై భాయ్?" అని, వెతుకుతున్నదేంటని అడిగాడు పెయింటరు.

ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి మేకులు అటూ ఇటూ కదుపుతున్నాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, కొన్ని వంగినవి, కొన్ని తుప్పు పట్టినవి. బయట బస్సు హారన్ కొట్టింది. ఆయన డబ్బాలోంచి చెయ్యి తీయలేదు. రెండోసారి కొట్టింది. అప్పుడు ఒక మేకు తీసి వెలుగులో పెట్టి చూశాడు. దాని తల కింద ఇరుక్కుని ఇంకా ఒక నీలం కాగితపు పీలిక ఉంది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని, హారన్ కొడుతున్న బస్సు వైపు నడిచాడు.